అమ్మమ్మ బతికుండగా రాసిన వ్యాసం

వ్యాసంలో అమ్మమ్మ రెండో పేరాలోనే చనిపోయింది. అసలు అమ్మమ్మ మాత్రం పక్కగదిలో ఆవులిస్తూ కళ్ళజోడు వెతుక్కుంటోంది.

రాసింది మనవరాలు. పదిహేడేళ్ళది. కడుపులో మాట ఒక పూట కూడా నిలవదని ఇంట్లో అందరూ దాన్ని టముకు అనేవారు. కాలేజీ దరఖాస్తుతోపాటు ఆరువందల మాటల్లో ఒక వ్యాసం పంపమన్నారు: ‘మీరెవరో మాకు చెప్పండి.’ మార్కుల జాబితా ఐదు నిమిషాల్లో జత చేసిన పిల్ల ఈ ఒక్క వాక్యం దగ్గర మూడు వారాలు చతికిలబడింది. పొద్దస్తమానం వాగేదానికి తన సంగతి చెప్పమనేసరికి నోరు పెగల్లేదు.

ఇంటర్నెట్‌లో నమూనా వ్యాసాలు చదివింది. ఒకడు కొండ మీంచి పడి లేచాడు. ఒకమ్మాయికి చూపు పోయి తిరిగొచ్చింది. టముకుకి ఊహ తెలిశాక జలుబు తప్ప మరేదీ రాలేదు. చేసేదిలేక అమ్మమ్మని చంపేసింది. ఆ దుఃఖంలోంచి తను డాక్టర్ని కావాలన్న పట్టుదల పుట్టినట్టు రాసింది.

వచ్చిన చిక్కల్లా ఏమిటంటే, ప్రింటు తీసిన కాగితాలు భోజనాల బల్ల మీద మరిచిపోయింది. అమ్మమ్మ ముప్ఫై ఒక్క ఏళ్ళు అచ్చాఫీసులో ప్రూఫులు దిద్దిన మనిషి. కరెంటు బిల్లయినా సరే, ఎర్రపెన్ను పట్టుకోకుండా చదవదు.

“ఏమే, నేను పోయానా?” అంది.

టముకు మంచినీళ్ళ గ్లాసు నోటి దగ్గరే ఆపేసింది. “అది ఊరికే, అమ్మమ్మా. కాలేజీ కోసం.”

“పోతే పోయాను. కానీ ఎలా పోయానో రాయలేదే. ‘అకస్మాత్తుగా’ అని ఒక్క మాటతో దాటేశావు. ఇదిగో, ఇక్కడ ‘తీరని లోటు’ అన్నావు. నా సర్వీసులో ఎన్ని సంతాప ప్రకటనలు దిద్దానో లెక్కలేదు. పోయిన ప్రతివాడూ తీరని లోటే. నేను లేకపోతే నీకేం లోటో అది చెప్పు.”

టముకు నిజంగానే ఆలోచించింది. “టీవీ రిమోట్ నా చేతికొస్తుంది.”

“అది రాయి. అదైనా నిజం.”

ఇద్దరికీ నవ్వాగలేదు. కాసేపటికి అమ్మమ్మ కళ్ళు తుడుచుకుని కాగితాలు పక్కన పెట్టింది. “అక్షరదోషాలు లేవే. కానీ ఇందులో ఎక్కడా నువ్వు కనిపించలేదు. సరే, నిన్న సాయంత్రం ఏం చేశావు?”

“ఏముంది? అమ్మ కారులో కూర్చున్నాను. ఎప్పుడూ చేసేదేగా.”

టముకు వాళ్ళమ్మ కారు నడపడం నేర్పుతుంది. ఆ కారులో పక్కసీట్లో కూర్చునే ఆమె కాళ్ళ దగ్గర కూడా ఒక బ్రేకు ఉంటుంది. అమ్మమ్మ ఉద్యోగంలో ఉన్న రోజుల్లో బడి వదిలాక పిల్లని చూసేవాళ్ళు లేక, అమ్మ దాన్ని వెనక సీట్లో కూర్చోబెట్టుకుని డ్రైవింగు పాఠాలు చెప్పేది. అలా పదేళ్ళప్పుడు మొదలైన అలవాటు పోలేదు.

“అన్నట్టు పళ్ళ డాక్టరుగారి సంగతి నీకు చెప్పలేదు కదూ?” అంది టముకు.

“నువ్వు చెప్పనిది కూడా ఒకటుందా?”

అమ్మ దగ్గర కారు నేర్చుకుంటున్న ఆ డాక్టరుగారికి యాభై దాటాయి. ఎంత మొండి పన్నయినా చెయ్యి వణక్కుండా పీకుతారు. అటువంటావిడ నాలుగు రోడ్ల కూడలికి వచ్చేసరికి బిగుసుకుపోయి నడిరోడ్డు మీద కారు ఆపేస్తున్నారు. వెనక హారన్ల మోత. అమ్మ “మనకేం తొందర లేదండీ” అంటున్నా ఆవిడ చెవికెక్కడం లేదు. అప్పుడు వెనక సీట్లోంచి టముకు, “డాక్టరుగారూ, జ్ఞానదంతం పీకేటప్పుడు ముందు ఎటు కదుపుతారండీ?” అని అడిగింది.

ఆవిడ చెప్పడం మొదలుపెట్టి, చెబుతూ చెబుతూ కూడలి దాటేశారు. దాటినట్టు ఆవిడకే తెలియలేదు. రెండోసారి మాత్రం ఎలా కదుపుతారో చూపించడానికి రెండు చేతులూ ఎత్తేశారు. అమ్మ బ్రేకు తొక్కింది. టముకు నుదురు ముందు సీటుకి కొట్టుకుంది.

“ఇక అక్కణ్ణుంచి చేతులతో పనిలేని ప్రశ్నలే అడిగాను. పాలపళ్ళు ఎప్పుడు ఊడతాయి, అలాంటివి. మూడుసార్లు తిరిగొచ్చాం.”

అమ్మమ్మ పెన్నుకి మూత పెట్టింది. “ఇదీ వ్యాసమంటే. ఇది రాయి.”

“ఇందులో నేను పడ్డ కష్టమేముంది?”

“నుదురు బొప్పి కట్టలేదూ? వాళ్ళు అడిగింది నువ్వెవరని. పక్కవాళ్ళ భయం కనిపెట్టి, కబుర్లలో పెట్టి మరిపించే పిల్లవి. నాకే ఇప్పుడు తెలిసింది.”

టముకు రెండు రోజులు కూర్చుని పద్నాలుగు వందల మాటలు రాసింది. అమ్మమ్మ నిర్దాక్షిణ్యంగా కోసింది. చివర్లో ఉన్న నీతి మొత్తం కొట్టేసింది.

“చివర్లో నీతి ఉండాలి కదా?”

“చదివేవాళ్ళు నీకంటే పెద్దవాళ్ళు. ఆ నీతులేవో వాళ్ళకి తెలుసు.”

ఒక పేరాని మాత్రం అమ్మమ్మ ముట్టుకోలేదు. పాఠం సాగినంతసేపూ అమ్మ కుడికాలు బ్రేకు మీద ఆనకుండా, పక్కకి తీయకుండా, గాల్లోనే ఉంటుందనీ, ఇంటికొచ్చాక ఎవరూ చూడకుండా ఆ పిక్క నొక్కుకుంటుందనీ రాసింది టముకు. డాక్టరుగారికి ఆ కాలు కనిపించదనీ, వెనక కూర్చున్న తనకి కనిపిస్తుందనీ రాసింది.

శనివారం ఆఖరి పాఠం అయ్యాక, ఇంటిముందు ఆపిన కారులోనే అమ్మ అది చదివింది. చదవడం అయిపోయినా కాగితం కిందపెట్టలేదు.

“నా కాలి సంగతి నీకెప్పుడు తెలిసింది?”

“చాలా ఏళ్ళయింది.”

“ఎప్పుడూ అనలేదే.”

“నువ్వు దాచుకుంటున్నావు కదా అని ఊరుకున్నాను.”

అమ్మ కాగితాన్ని జాగ్రత్తగా రెండు మడతలు పెట్టి ఇచ్చింది. “పంపించు” అంది. వెంటనే కారు దిగలేదు. టముకూ దిగలేదు. అద్దం మీద సన్నగా తుంపర మొదలయ్యేదాకా ఇద్దరూ కారులోనే కూర్చున్నారు.

రెండు కాలేజీలు మర్యాదగా కాదన్నాయి. మొదటి ఉత్తరానికి టముకు ఏడ్చింది. రెండోదానికి తిట్టింది. మూడోది సీటు ఇచ్చింది.

ఆ కబురొచ్చినప్పుడు అమ్మ పాఠంలో ఉంది. “బండి పక్కకి ఆపించి చేస్తానుండు” అని ఫోను పెట్టేసింది. నాలుగు నిమిషాలకి తనే చేసింది.

“వచ్చిందా?”

“వచ్చిందమ్మా.”

అవతల ఇండికేటరు టిక్కు టిక్కుమని కొట్టుకుంటోంది.

“సరే. హాస్టల్లో దుప్పటి వాళ్ళిస్తారా, మనమే పట్టుకెళ్ళాలా కనుక్కో. ఒకటి సరిపోదేమో, అక్కడ చలెక్కువట.”