ముందు ఎవరింటికి

వెయిటింగ్ లిస్టులో పది రోజులు పడిగాపులు కాసిన రెండు టికెట్లు ఖరారయ్యాయన్న కబురు శుక్రవారం ఉదయం తొమ్మిదిన్నరకు ధాత్రి ఫోనులో మెరిసింది. అప్పుడామె అమీర్‌పేటలో ఓ కోచింగ్ సెంటరు మూడో అంతస్తులో, నలభై మందికి పాఠం చెబుతూ బోర్డు మీద ఏదో రాస్తోంది. రాస్తున్న వాక్యం సగంలో ఆగిపోయింది. అయిదు నిమిషాలు విరామమని చెప్పి, చేతిలో మార్కరుతోనే మెట్ల దగ్గరికి పరుగెత్తింది.

పెళ్ళయి అయిదు వారాలు. ఈ అయిదు వారాల్లో కొత్త జంటను భోజనానికి పిలిచి బట్టలు పెట్టిన ఇళ్ళు పద్నాలుగు. పద్నాలుగు చోట్లా పాయసం. పాయసమంటే ధాత్రికి ప్రాణమే, జీడిపప్పులు లెక్కపెట్టుకుని చివర్లో తినే మనిషి. కానీ కేదార్‌తో కలిసి ఒక్క పూటయినా, ఎవరూ కొసరి వడ్డించకుండా, ఎదురెదురుగా కూర్చుని తిన్నది లేదు. అందుకే ఈ శని, ఆదివారాలు. విశాఖ పక్కన ఋషికొండ. పొద్దున్నే సముద్రంలో, అలల మీద పలకెక్కి సాగే సర్ఫింగ్ పాఠం. పలక మీద ఒక్క క్షణం నిలబడినా చాలనుకుంది. నేర్పే అతను ఈ వారం దాటితే వానలు, అలలు కొత్తవాళ్ళకు పనికిరావన్నాడు. ఆ వెంటనే ఆషాఢం. ధాత్రి నెల్లాళ్ళు పుట్టింట్లో ఉండాలి. ఇప్పుడు కాకపోతే ఇంకెప్పుడో.

ఆ సంతోషంలో టికెట్టు ఫోటోకి మూడు అలల బొమ్మలు తగిలించి పంపేసింది. పంపింది కేదార్‌కి కాదు, అత్తింటి చుట్టాలందరూ ఉన్న గ్రూపుకి. పొరపాటున కాదు, ఇష్టపడే పంపింది. విశాఖ నిండా చుట్టాలున్నవాళ్ళు విశాఖ వెళ్తున్నామని చాటింపు వేయకూడదన్న ఇంగితం ఆ క్షణాన లేకపోయింది.

పది గంటలకల్లా ఎం.వి.పి. కాలనీ నుంచి కేదార్ పిన్ని, స్టేషన్‌కి కారు పంపుతున్నానని, టిఫిను తమ ఇంట్లోనేనని రాసింది. పావుగంటలో గాజువాక పెదనాన్నగారు, కొత్తకోడలు మొదట పెద్దవాళ్ళ గడప తొక్కాలి కదా అన్నారు. పదకొండుకి సీతమ్మధార, గోపాలపట్నం, మధురవాడ. రెండు రోజుల్లో అయిదు భోజనాలు, మూడు టిఫిన్లు. సముద్రం ఊసు ఎవరూ ఎత్తలేదు. ధాత్రి రెండో బ్యాచికి పాఠం చెబుతూ అయిదుసార్లు ఫోను చూసింది, ఒకే ఉదాహరణ రెండుసార్లు చెప్పింది.

బయటికొస్తుంటే ఆఫీసు చూసుకునే రాఘవేందర్ పట్టేశాడు. "ఏంది మేడమ్, మొకం గట్లున్నది? పొద్దుగాల మస్తు ఖుషీగ ఉంటిరి."

ధాత్రి సంగతంతా చెప్పింది. అతను టీ గ్లాసు కింద పెట్టి నవ్వాడు. "మా దిక్కు గిసొంటి పంచాయితీ వస్తే ఎవ్వరింటికి పోం మేడమ్. అందర్నీ గుట్టకాడికి రమ్మంటం. దావత్ ఆడ్నే. ఎవ్వరు సుత అలగరు."

ధాత్రి కూడా నవ్వింది, కానీ మనసు నవ్వలేదు.

పంజాగుట్ట ఫ్లాటుకి వచ్చేసరికి అత్తగారు కమలకుమారి పెట్టె సర్దేస్తున్నారు. పైన రెండు పట్టుచీరలు, అయిదిళ్ళకీ అయిదు మిఠాయి డబ్బాలు. అడుగున ధాత్రి దాచుకున్న పొడుగు చేతుల ఈత దుస్తులు ఆవిడ చేతికి తగిలాయి. "ఇదేంటమ్మా, రెయిన్‌కోటా?"

సముద్రంలో వేసుకునేదని ధాత్రి చెప్పింది. పలక మీద నిలబడాలని ఉందని కూడా చెప్పింది. ఆవిడ ఆ బట్టని అటూ ఇటూ సాగదీసి చూసి, మడత పెట్టి, మళ్ళీ చీరల కిందే పెట్టేశారు.

సాయంత్రం సికింద్రాబాద్‌లో విశాఖ రైలెక్కాలని, మధ్యాహ్నమే సోమాజిగూడ ఆఫీసు నుంచి కేదార్ నేరుగా పంజాగుట్ట మెట్రో స్టేషన్‌కి వచ్చాడు. పెద్దవాళ్ళని ఏమీ అనలేని మనిషి. పిన్నికి సరేనన్నాడు, పెదనాన్నకీ సరేనన్నాడు. ఇద్దరికీ ఒకే టిఫిను వేళకి. మెట్రోలో ధాత్రి కూర్చోలేక లేచింది, నిలబడలేక కూర్చుంది. పంజాగుట్ట నుంచి అమీర్‌పేట ఒక్క స్టేషనే, అయినా ఊళ్ళు దాటినట్టుంది.

అమీర్‌పేటలో దిగి సికింద్రాబాద్ మెట్రో ఆగే ప్లాట్‌ఫాం మీద పెట్టె లాక్కుంటూ నడుస్తుండగా కేదార్ ఫోను మోగింది. వాళ్ళమ్మ. విన్నాడు, మొహం వాడిపోయింది. పెదనాన్నగారు అలిగారు. చెల్లెలింటికి ముందు పంపిస్తున్నావా అని కమలకుమారిని నిష్ఠూరంగా అడిగారట. పిన్నేమో, అయితే మా ఇంటికి రానే వద్దులే అందట.

"వెనక్కి వచ్చేయమంటోంది అమ్మ," అన్నాడు. "ఎవర్నో ఒకర్ని నొప్పించడం కంటే ఆషాఢం వెళ్ళాక చూసుకోవచ్చు కదా అంటోంది."

పక్కన జనం తోసుకుంటూ పోతున్నారు. ధాత్రి పెట్టె మీద చెయ్యి వేసి నిలబడింది. ఆషాఢం వెళ్ళాక వానలు, వానల తర్వాత నోములు, ఆ తర్వాత ఇంకేవో. రాఘవేందర్ మాట అప్పుడు తట్టింది.

"నీకు వెళ్ళాలని ఉందా లేదా, అది చెప్పు ముందు," అంది.

కేదార్ రైలు వచ్చే వైపు చూశాడు. "పది రోజులుగా ఆఫీసులో ఆ వీడియోలే చూస్తున్నాను. కుర్చీలోంచి లేచి నిలబడ్డం కూడా ప్రాక్టీసు చేశాను. పక్కవాళ్ళు నడుం నొప్పా అనడిగారు."

ధాత్రి నవ్వు ఆపుకుంటూ అతని చేతిలోంచి ఫోను తీసుకుంది. "అత్తయ్య గారూ, మేం ఎవరింటికీ వెళ్ళం. అందర్నీ మేమే పిలుస్తాం, సముద్రం దగ్గరికి. అక్కడ ముందు ఇల్లూ వెనక ఇల్లూ అని ఉండదు కదా."

ఒక రైలు వచ్చింది, నిండింది, వెళ్ళిపోయింది.

"బావగారికి మోకాళ్ళు నొప్పులు, ఇసుకలో కూర్చోలేరు," అన్నారు కమలకుమారి ఎట్టకేలకు. "ఒక కుర్చీ తెచ్చుకోమని చెప్పు. చెల్లి నా మాట వినదు, నీ మాటయితే వింటుంది. నువ్వే చెప్పు." ఫోను పెట్టేయబోతూ ఆగారు. "ఆ పలకేదో, ఒడ్డుకి దగ్గర్లోనే."

కేదార్ నోరు తెరిచి చూస్తున్నాడు. తర్వాతి రైలు వెలుగు మలుపులో కనిపించింది. ధాత్రి తన ఫోనులో గ్రూపు తెరిచి, మైకు గుర్తు మీద వేలు నొక్కి పట్టుకుంది.

"అందరికీ నమస్కారం, నేను ధాత్రిని. పెదమావయ్య గారూ, చిన్నత్తయ్య గారూ, పిలిచిన ఇళ్ళు అయిదు, మాకున్నది ఒక్కటే ఆకలి, అందుకని ఈసారి పిలుపు మాది. రేపు పొద్దున రైలు దిగగానే మేమిద్దరం ఋషికొండలో నీళ్ళలో ఉంటాం. పన్నెండింటికి మీరందరూ ఒడ్డుకి రండి, సరుగుడు చెట్ల నీడలో కలిసి భోంచేద్దాం. క్యారేజీలు మాత్రం మీవే. ఆదివారం మమ్మల్ని ఎవరూ వెతకొద్దు."