తోమిన తుపాకి

నూనెతో తడిపిన రంపపు పొట్టును గుప్పిళ్ళతో తీసి, కోళ్ళకు గింజలు చల్లినట్టు బడి వరండా పొడవునా చల్లాడు లమార్ హాక్‌మన్. వెడల్పాటి చీపురు పట్టుకుని దాన్ని అవతలి గోడదాకా తోసుకుంటూ పోయాడు. ఇదివరకైతే ఒక్క ఊపున పోయేవాడు. ఈ మధ్య మంచినీళ్ళ కుళాయి దగ్గర ఆగి, గోడకు చెయ్యి ఆనించి, ఊపిరి కూడదీసుకుని మళ్ళీ మొదలుపెడుతున్నాడు. గుండెకని డాక్టరిచ్చిన మాత్రలు చొక్కా జేబులోనే ఉన్నాయి. జేబులో మోస్తే చాలు, మింగక్కర్లేదని అతని లెక్క.

పెన్సిల్వేనియాలో కొండల నడుమ చిన్న ఊరు అది. పెళ్ళయిన ఏడాది ఆ బడిలో చీపురు పట్టాడు, ఇంకా దించలేదు. పొద్దున పిల్లలు బూట్ల నిండా పొలాల బురద మోసుకొస్తారు, సాయంత్రానికి దాని ఆనవాలు ఉండదు. అక్కడ చదువుకుని వెళ్ళినవాళ్ళకు అతని మొహం కంటే అతను తుడిచిన నేలే ఎక్కువ గుర్తు.

వంటగది తలుపులోంచి ఐడా తల బయటపెట్టింది. పిల్లలకు భోజనం వండేది ఆవిడే.

“ఏంటి లమార్, గెడ్డం గీకి, తల దువ్వి! ఎవరింటికి వెళ్తున్నావో మీ ఆవిడ వెర్నాకి తెలుసా?”

“తెలుసు. ఎడ్నా షర్క్ గారింటికి. ఆవిడకి ఎనభై దాటాయి.”

“నీ లెక్కలో ఆవిడ పసిపిల్లే! నీకు నచ్చాలంటే నూరేళ్ళు దాటాలిగా.”

లమార్ చెవులు ఎర్రబడేలా నవ్వాడు.

ఐడా అన్నది అబద్ధం కాదు. అతని మనసంతా నూరేళ్ళు దాటిన రైఫిళ్ళ మీదే. గొట్టం మూతిలోంచి మందూ గుండూ కూరి, వెనక చిన్న రాగి టోపీ తొడిగితే, దాని మీద సుత్తి పడి పేలే రకం. అందులోనూ అతనికి ఒక్కడి చేతివే కావాలి. ఆ లోయలోనే వాగు ఒడ్డున కొలిమి పెట్టుకుని బతికిన జోనస్ హౌప్ట్ తను చేసిన ప్రతి గొట్టం మీదా సన్నటి అక్షరాల్లో పేరు చెక్కుకునేవాడు. వారం వారం జరిగే పొలాల వేలంపాటల్లో, పాత కొట్టాల్లో వెతికి పట్టుకున్నవి లమార్ ఇంటి వెనక గదిలో గోడ నిండా ఉన్నాయి. పేలుస్తాడా అంటే పేల్చడు. పోనీ తోముతాడా అంటే అదీ లేదు. ఇత్తడి నల్లబడి, ఇనుము గోధుమరంగు తిరిగి, పట్టుకునే చోట ఎవరెవరి చేతి జిడ్డో చెక్కలోకి ఇంకి, ఎలా దొరికినవి అలాగే ఉంటాయి.

“ఊరందరి కాళ్ళ మట్టీ తుడిచొస్తావు, ఇంట్లో మకిలి మాత్రం ముట్టుకోనివ్వవు” అని భార్య వెర్నా కాపరానికొచ్చిన దగ్గర్నుంచీ పోరుతూనే ఉంది. వెర్నా భుజం మీద గుడ్డ లేని పూట ఉండదు. ఆ ఇంటి తలుపు పిడుల్లో మొహం చూసుకోవచ్చు. వెనక గది గుమ్మం దగ్గర మాత్రం ఆ గుడ్డ ఆగిపోవాల్సిందే.

“అది మకిలి కాదే, మనుషులు” అనేవాడు లమార్. “చూడు, ఇక్కడ ఒకడు రోజూ చెంప ఆనించేవాడు.”

రోజల్లా జనం జాడలు చెరిపేవాడికి ఎక్కడో ఒకచోట చెరగని జాడ కావాలి. అతనెప్పుడూ ఇలా మాటల్లో పెట్టుకోలేదు గానీ సంగతి అదే.

హౌప్ట్ చేసినవాటిలో అన్నిటికంటే మంచిది ఎడ్నా షర్క్ వంటింటి గుమ్మం మీద ఉండేది. చిన్నప్పుడు ఆదివారాలు చర్చిలో లమార్‌కు బైబిలు పాఠాలు చెప్పిన ఎడ్నా. పడుచువాడిగా ఉన్నప్పుడు ఆవిడింట్లో పొయ్యి గొట్టం బాగుచేయడానికి నిచ్చెనెక్కి, కళ్ళకెదురుగా ఆ పేరు చూశాడు. అప్పట్నుంచీ ఏటా చలికాలం ముందు వెళ్ళి ఆవిడకు కట్టెలు కొట్టిపెట్టడం, ఓసారి నిచ్చెనెక్కి చూసుకుని దిగిరావడం. ఇమ్మని ఏనాడూ అడగలేదు. గుమ్మం మీది తుపాకిని అడగడమంటే, ఇల్లెప్పుడు ఖాళీ చేస్తావని అడగడమే.

పోయిన ఆదివారం ఆవిడే చర్చి మెట్ల మీద అతని మోచెయ్యి పట్టుకుంది. “ఒరే లమారూ, నేను మా చెల్లెలి దగ్గరికి వెళ్ళిపోతున్నా. శుక్రవారం బడి అయ్యాక రా. అది నీదే.” ఆ రోజు మొదలు అతనికి కంటి మీద కునుకు లేదు.

బడికి తాళం వేసి, ట్రక్కు నడుపుకుంటూ మొక్కజొన్న కోసేసిన చేల మధ్యగా వెళ్ళాడు. ఎడ్నా వాకిట్లోనే నిలబడి ఉంది. లోపలికి అడుగుపెట్టగానే వెనిగర్ వాసన గుప్పుమంది. గుమ్మం మీద ఖాళీ. బల్ల మీద దుప్పటి చుట్టిన పొడవాటి మూట. ముందు అతనికి ఆవిడ చేతులు కనపడ్డాయి. గోళ్ళ నిండా నలుపు, కణుపుల దగ్గర చర్మం లేచిపోయింది. ఆవిడ దుప్పటి విప్పకముందే అతనికి సంగతి అర్థమైపోయింది.

తుపాకి కొత్త చెంచాలా తళతళలాడుతోంది. ఇత్తడి పచ్చగా, ఇనుము తెల్లగా ఉన్నాయి. చెక్క మీద పూసిన వార్నిష్ ఇంకా చేతికి అంటుకుంటోంది.

“ఎలా ఉందిరా? వారమంతా ఇదే పని. ఉప్పూ వెనిగరూ పెట్టి రుద్దాను, ఇనుప పీచు పెట్టి రుద్దాను. దానికీ లొంగకపోతే మా ఆయన కొట్టంలో గరుకు కాగితం దొరికింది. బడంతా అద్దంలా ఉంచేవాడివి, నీకు మురికి వస్తువు ఎలా ఇస్తాను?”

లమార్ తుపాకిని చేతిలోకి తీసుకున్నాడు. ఇలాంటి తుపాకి చేతికొస్తే ఎవరైనా ముందు చేసే పనే చేశాడు. ఏనాటి మందో లోపల ఉండిపోయిందేమో చూడటానికి గొట్టం కింద దోపి ఉండే ఇనప కడ్డీని లాగి గొట్టంలోకి జారవిడిచి, తల వంచి చెవి ఒగ్గాడు. కడ్డీ అడుక్కంటా వెళ్ళి ఖంగుమంది. లోపలేమీ లేదు. మొహం దాచుకోవడానికి ఆ కాస్త వ్యవధి దొరికింది. తరవాత గొట్టం మీద, పేరుండే చోట వేలితో తడిమాడు. నున్నగా ఉంది.

ఇన్నేళ్ళూ దేనికోసం నిచ్చెనెక్కాడో అది లేదు. దుఃఖం వచ్చింది.

“మాట్లాడవేంరా? బాగాలేదా?” అంది ఎడ్నా.

పేరు పోయిందన్న ఒక్క మాట చాలు. ఆ మాట మూటగట్టుకుని ఆవిడ చెల్లెలింటికి పోతుంది, ఇక ఉన్నన్నాళ్ళూ దాన్నే మోస్తుంది. లమార్ తలెత్తి ఆ చర్మం లేచిన చేతులవైపు చూశాడు.

“మీ ముత్తాత కొన్న రోజున ఎలా ఉండేదో, ఇవాళ అలా ఉంది ఎడ్నమ్మా.”

ఆవిడ కళ్ళు నిండాయి. “దాని మీదేదో పేరుండాలిరా. తుప్పుతో పాటు పోయినట్టుంది, నేను చూసుకోలేదు.”

“పేరు నాకు తెలుసుగా. నేనుండగా అదెక్కడికి పోతుంది?”

ఆవిడ పెట్టిన బెల్లప్పాకం తీపిరొట్టె రెండు ముక్కలు తిన్నాడు. నోట్లో ఏదో ఒకటి ఉంటే మాట్లాడక్కర్లేదు.

ఇంటికొచ్చేసరికి వెర్నా పొయ్యి దగ్గర ఉంది. అతను తుపాకిని బల్ల మీద పెట్టి కూర్చున్నాడు. ఆ తుపాకుల్లో ఒక్కటైనా మెరవాలని జీవితమంతా పోరిన మనిషి, మెరిసేదాన్ని చూసి కుర్చీలో కూలబడింది.

“అయ్యో లమార్! ఎవరు చేశారు?”

“ఆవిడే. ప్రేమగా చేసింది.”

“నువ్వేమన్నావు?”

“బాగుందన్నాను.”

వెర్నా భుజం మీది గుడ్డ తీసి పక్కన పడేసింది. లేచొచ్చి అతని తల తన పొట్టకు ఆనించుకుంది. “నా పిచ్చి మారాజా” అంది.

“మళ్ళీ నల్లబడుతుందిలే” అన్నాడతను, ఆవిడ ఏప్రన్‌లోంచి మొహం తియ్యకుండానే. “చేతులు పడాలి అంతే. ఓ ఎనభై తొంభై ఏళ్ళు.”

“అంతేనా? అయితే అన్నం తిని మొదలుపెట్టు.”

ఇద్దరూ కళ్ళనీళ్ళు వచ్చేలా నవ్వుకున్నారు.

కోడిమాంసం, పిండిముక్కలు కలిపి ఉడికించిన కూర తిని, కిటికీ పక్క కుర్చీలో తుపాకి ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. తుపాకి చెక్కలోని చిన్న అరకు బిగించిన ఇత్తడి మూత మీద బొటనవేలు ఆనించాడు. కొండ మీద ఇంకా వెలుగుంది. వెర్నా గిన్నెలు కడుగుతూ, ఎడ్నా చెల్లెలి నోటి దురుసు గురించి ఏదో చెబుతోంది. కాఫీ పెట్టనా అని అడిగింది. జవాబు రాలేదు. రెండోసారి అడగకుండానే ఆవిడకు తెలిసిపోయింది. కుళాయి కట్టేసింది. తడి చేతులతోనే వచ్చి, పక్కన కూర్చుని, తుపాకి మీదున్న అతని చేతి మీద తన చెయ్యి వేసింది.

అంత్యక్రియల రోజు చర్చి ఆడవాళ్ళొచ్చి ఇల్లు సర్దారు. వెనక గదిలోకి ఐడా గుడ్డ పట్టుకుని వెళ్ళింది.

“ఇంత మెరిసేదాని మీద ఈ మచ్చేంటి వెర్నా? ఒక్క రుద్దు రుద్దితే పోతుంది.”

వెర్నా గుమ్మంలోకి పరుగున వచ్చింది. “ముట్టుకోకు ఐడా. అది మచ్చ కాదు.”

ఐడా గుడ్డ దించేసింది. గోడ మీద నల్లబడ్డ తుపాకులన్నిటి మధ్యా అదొక్కటే కొత్తగా వెలుగుతోంది. దాని ఇత్తడి మూత మీద, అప్పుడప్పుడే గోధుమరంగు తిరుగుతూ, ఒక బొటనవేలి ముద్ర.