జెర్సీ ఆవు చెవి

మా ఆయన గోవిందప్ప చాలా మంచివాడని ఊరంతా అంటుంది. ఆ మంచితనంతో కాపురం చేసేది నేను గదా, నన్నడగండి!

వానల్లేక వేరుశనగ ఎండిపోయి మేం అల్లాడుతున్నప్పుడు సర్కారువాళ్లు జెర్సీ ఆవునిచ్చారు. సగం సబ్సిడీ, సగం బ్యాంకు అప్పు. ఇన్సూరెన్సు కోసం దాని చెవికి నంబరు బిళ్ల కొట్టారు. అంతకుముందున్న మా పొట్టి నాటు ఆవు చెంబెడు పాలిస్తే ఇది బకెట్టు నింపేది. పుంగనూరు పాలకేంద్రానికి పోయడం మొదలయ్యాక మా ఇంట్లో రెండు పూటలా పొయ్యి వెలిగింది.

నేను మదనపల్లెలో చెల్లెలి కాన్పుకు పోయినప్పుడు ఆవు లేత జొన్నపైరులో పడి మేసి, ఆ పైరులోని విషమెక్కి చచ్చిపోయింది. నేనొచ్చేసరికి ఈయన దానికి పసుపు రాసి, కుంకుమ పెట్టి, కొత్తగుడ్డ కప్పి చేనిగట్టున పూడ్చేశాడు. మా ఇళ్లల్లో పాడి ఆవు పోతే అంతే, మనిషి పోయినట్టే.

మర్నాడు పశువుల ఆసుపత్రి కాంపౌండరు వెంకటరమణప్ప వచ్చాడు.

"చెవి యాడుండాదమ్మా? బిళ్లతో సహా చెవి కోసిస్తేనే ఇన్సూరెన్సు. అప్పుడే ఇంకో ఆవు. ల్యాకుంటే ఆవూ రాదు, అప్పూ పోదు."

నేను ఈయన వైపు తిరిగాను. "నీకు తెల్దా?"

"తెలుసుమే. దాని పాలు తాగినాం. చెవెట్లా కోసేది?"

నాకు ఒళ్లు మండిపోయింది. "నీ పున్నెం వండి పెట్టాల్నా పిల్లోళ్లకు?" అని పార తీసుకుని చేనికి పోయాను. కాస్త మట్టి తీసేసరికి పసుపంటిన కొత్తగుడ్డ అంచు కనబడింది. నోటితో అరిచినంత సులభమా అది? అక్కడే కూలబడి ఏడ్చాను.

ఈయన వెనకే వచ్చి నా చేతిలో పార లాక్కున్నాడు. "నువ్వింటికి పో. పూడ్సింది నేను, నేనే తీస్తా."

చెవి తెచ్చి కాంపౌండరుకిచ్చాడు. కొన్నాళ్లకు ఇంకో జెర్సీ ఆవు వచ్చింది. బాగానే పాలిస్తోంది, అప్పు తీరుతోంది. మేత వేసేదీ, పాలు పితికేదీ ఈయనే. ఆ పాలు మాత్రం చుక్క ముట్టడు, వట్టి టీ తాగుతాడు.

ఒక పొద్దున ఉండబట్టలేక గొడవ పడ్డాను. "సర్కారోళ్లిచ్చిన ఆవే గదయ్యా, నీకేం రోగం?"

"మనకియ్యలేదుమే," అన్నాడు నెమ్మదిగా. "ఆ చెవికిచ్చినారు."

నా టీలో అప్పటికే పాలు పోసుకున్నాను. పారబోయడానికి మనసు రాలేదు. తాగాను.