పంచలో చల్లబండలు

పొయ్యి మీద ఎసురు కాగుతుంటే సంతోషమ్మ చేటలో బియ్యం పోసుకోని రాళ్ళేరింది. కడగబోయే ముందు పక్కనున్న తగరపు డబ్బాలోకి గుప్పెళ్ళు తీసింది. ఇంట్లో ఎంతమంది ఉంటే అన్ని గుప్పెళ్ళు. ఆదివారం ఆ డబ్బా చర్చికి పోతుంది, అక్కడి నుంచి లేనోళ్ళ ఇళ్ళకు పోతుంది. వాళ్ళమ్మ తీసింది, వాళ్ళవ్వ తీసింది. కరువొచ్చిన ఏడు గుప్పెడు చిన్నదయిందే గానీ లెక్క మాత్రం తప్పలేదు. "గిరికి, ప్రసన్నకు, ధరణికి, నాకు" అని కొడుకు, కోడలు, మనవరాలితో కలిపి నాలుగు తీసి, మళ్ళీ ఇంకో నాలుగు తీసింది. అవి కాస్త చిన్న గుప్పెళ్ళు. ఎంతయినా పసిబిడ్డలు, ఎంత తింటారు గనక!

ఆ నలుగురు బిడ్డలూ ఇంకా పుట్టలేదు. ప్రసన్న కడుపులో పెట్టాల్సిన పిండాలుగా తిరపతిలో ఒక ఆస్పత్రిలో, మూత తీస్తే తెల్లగా పొగలొచ్చే చల్లటి డ్రమ్ములో ఉండారు. ఒక్కొక్కరూ ఆవగింజలో పావంతు కూడా లేరు. మార్చిలో వాళ్ళను ఆ డ్రమ్ములోకి దించిన పూట నుంచీ ఈ ఇంటి పంచలో నాలుగు కడప బండలు చల్లబడినాయి. గుమ్మం కాణ్ణించి వరసగా ఒకటి, రెండు, మూడు, నాలుగు. మే నెల కత్తిరి ఎండలకు మిగతా బండల మీద కాలు పెడితే చుర్రుమంటుంటే, వీటి మీద పొద్దన్నే సన్నగా మంచు పట్టేది. ఊళ్ళో దానికెవరూ ఆశ్చర్యపడి నోరు తెరవలేదు. ఎదురింటి కుప్పమ్మ తెల్లారీ తెల్లారకముందే పెరుగు కుండ తెచ్చి మొదటి బండ మీద పెట్టేది, మల్లెమొగ్గల బుట్ట నాలుగో దాని మీద పెట్టేది. "ఫ్రిజ్జుకు కరెంటు పోతాది గానీ మీ పిల్లోళ్ళకు పోదు మే" అని ప్రసన్నతో అనేది.

రెండో బండ మీద మాత్రం ఎవరినీ ఏమీ పెట్టనిచ్చేది కాదు ధరణి. అది ఆ పిల్ల చోటు. ఏడేళ్ళ పిల్ల బోర్లా పడుకోని రంగు పెన్సిళ్ళతో బొమ్మలేసుకునేది, ఆ బండతో గుసగుసలాడేది.

ధరణికి తలసీమియా. పుట్టిన ఎనిమిదో నెల్లోనే తెలిసింది. ఒంట్లో రక్తం నిలవదు, మూడు వారాలకొకసారి తిరపతికి బస్సులో పోయి ఎక్కించుకోని రావాల్సిందే. రక్తం ఎక్కిన మొదటి వారం ప్రసన్నకుమారి నవ్వేది. రెండో వారం ఊరుకునేది. మూడో వారం వచ్చిందంటే ఆ తల్లి పని చూడాల! పిల్ల గోళ్ళు చూడ్డం, కింది రెప్ప లాగి ఎరుపుందా అని చూడ్డం, అరచేతులు పట్టుకోని చల్లబడినాయా అని చూడ్డం. పొయ్యి మీద కూర మాడిపోతా ఉన్నా వదిలేసి చూసేది. మూడో వారానికి ధరణి చేతులు బావి నీళ్ళల్లో నానినట్టు చల్లగా, తెల్లగా అయిపోయేవి.

సోమవారం పొద్దన ఆస్పత్రి నుంచి డాక్టరమ్మ పిండాల పరీక్షల్లో ఏం తేలిందో చెప్పడానికి ఫోను చేసింది. అది మూడో వారమే. ప్రసన్న స్పీకరు పెట్టి పంచలో కూర్చుంది. ఆమె ఒక్కో నంబరు చెబుతుంటే ఇంట్లోవాళ్ళందరూ ఒక్కో బండకేసి చూసినారు.

"ఒకటికి జబ్బు లేదు, కానీ ధరణికి సరిపోదు. నాలుగూ అంతే. మూడు మాత్రం మంచి కబురమ్మా. జబ్బూ లేదు, ధరణికి అచ్చంగా సరిపోతుంది కూడా. ఆ బిడ్డ పుట్టి కొంచెం పెరిగాక దాని ఎముకల్లో మూలుగ కాస్త తీసి ధరణికి ఎక్కిస్తే, ఇక రక్తం కోసం తిరగాల్సిన పని ఉండకపోవచ్చు."

"మరి రెండు, మేడం?"

"రెండోదానికి ధరణికున్న జబ్బే ఉంది. శుక్రవారం వచ్చి మూడోదానికి సంతకం పెట్టండి. మిగతా మూడూ ఉంచాలో తీసేయాలో అదీ రాసివ్వండి."

గిరి ఎగిరి గంతేసినంత పని చేసినాడు. అతను దామలచెరువు దోవలో ఒక మామిడి నర్సరీలో అంట్లు కడతాడు. ఇరవై ఏళ్ళుగా కత్తి పట్టిన చెయ్యి. "తీసేయమందాం. అయిదుగురిని యాడ సాకుతాం?" అన్నాడు.

"తీసేయడమంటే ఏందిరా?" అనింది సంతోషమ్మ.

"అమ్మా, మా నర్సరీలో బేనీషా మొక్కలన్నీ ఒక తల్లి చెట్టు కొమ్మలే. దానికి అచ్చు గుద్దినట్టు వేలకు వేలు చేస్తా ఉండా. సరిగా రానివి పీకి పారేస్తా. ఎప్పుడైనా నా చెయ్యి వణికిందా? చెట్టుకు లేని తప్పు మనిషికేంది?"

"పీకి పారేసిన మొక్క నిన్నెప్పుడైనా నాయనా అని పిలిచిందా?"

 గిరి గొంతు తగ్గించి, "ధరణి పిలస్తా ఉండాది కదమ్మా. అది ఇంకా శానా దినాలు పిలవాలనే కదా నా బాధ" అన్నాడు.  ఇద్దరిదీ నిజమే. మధ్యలో ప్రసన్న అడకత్తెరలో పోకచెక్క అయిపోయింది.

మంగళవారం ఆమె చర్చి అయ్యగారి దగ్గరకు పోయింది. ఆయన కుర్చీ వేసి, మజ్జిగ ఇప్పించి, అంతా విన్నాడు. ఆ మజ్జిగ మీ బండ మీద పెట్టిందేనమ్మా, కుప్పమ్మ ఇచ్చింది, అని కూడా చెప్పినాడు.

"బిడ్డ దేవుడిచ్చేది గానీ మందు చీటీ మీద రాసిచ్చేది కాదు అని నేను చెప్పాల. ఒకరికి పనికొస్తాడని ఒకరిని పుట్టించడం, పనికిరాడని ఒకరిని పారేయడం, అది మన చేతిలో ఉండాల్సిన పని కాదని చెప్పాల. చెప్పినాను. అయితే అమ్మా, రేపు ధరణికి ఏమన్నా అయితే ఆ మాటే నా గొంతులో ముల్లులాగా అడ్డం పడతాది. నేను ప్రార్థన చేస్తా. అంతకంటే తెలివి నాకు లేదు."

పాపం, ఆయన మంచోడే. మంచోళ్ళ దగ్గరకు పోతే బరువు దిగుతాదనుకుంటాం గానీ, ఒక్కోసారి ఇంకాస్త ఎక్కించుకోని వస్తాం. ప్రసన్న అట్లే వచ్చింది.

బుధవారం సంతోషమ్మ స్త్రీల కూటానికి చిత్తూరు పోయింది. వంట ప్రసన్న మీద పడింది. చేటలో బియ్యం పోసుకోని, డబ్బా దగ్గరకు లాక్కోని, గుప్పెళ్ళు తీసింది. గిరికి, అత్తకు, ధరణికి, తనకు. తర్వాత ఒక చిన్న గుప్పెడు, మూడోదానికి. అక్కడ చెయ్యి ఆగిపోయింది. శుక్రవారం ఎట్లాగూ మూడోదానికే సంతకం పెట్టాలి కదా అనుకునింది. డబ్బా మూత పెట్టేసి బియ్యం కడిగి ఎసట్లో పోసింది.

గంట కూడా కాలేదు. వాకిట్లోంచి కుప్పమ్మ కేక పెట్టింది. "ఏం మే ప్రసన్నా, పెరుగు పులిసిపోయిందే! మీ పెద్దోడికేమయింది? నాలుగో దాని మీద మొగ్గలు కూడా అప్పుడే విచ్చుకోనుండాయి."

ప్రసన్న పరిగెత్తుకోని వచ్చి మొదటి బండ మీద అరచెయ్యి పెట్టింది. గోరువెచ్చగా ఉంది. నాలుగోదీ అంతే. మూడోది ఒక్కటే మంచులా ఉంది. రెండో దాని మీద ధరణి గొంతుక్కూర్చోని ఉంది, కళ్ళనిండా నీళ్ళు.

"అమ్మా, ఇది వేడెక్కిపోతా ఉండాది. నువ్వేమన్నా చేసినావా?"

"నేనేం చెయ్యలేదు" అని ప్రసన్న టక్కున అబద్ధమాడింది.

"ఇది నా మాదిరిదంట కదా. డాక్టరమ్మ చెప్పింది, నేనూ విన్నా." పిల్ల బండను నిమురుతా తల్లి మొహంలోకి చూసింది. "నా జబ్బు కూడా ముందే తెలిసుంటే, నన్నూ తీసేయమనుండేవాళ్ళా?"

 ప్రసన్న లేదు తల్లీ అనబోయింది, అనలేకపోయింది. ఎందుకంటే ఎనిమిదేళ్ళ కిందట ముందే తెలిసుంటే ఏం చేసుండేదో ఆమెకు తెలియదు. తెలియదన్న సంగతే ఇప్పుడు తెలిసింది. వంటింట్లోకి పోయి డబ్బా మూత లాగి, బియ్యపు మూటలోంచి గుప్పెళ్ళు తీసి పోసింది. మూడు గుప్పెళ్ళు, పెద్దవే పోసింది. తొందరలో సగం నేల మీద పడినాయి. "తప్పయిపోయింది ప్రభువా, తప్పయిపోయింది" అని ఏడ్చింది.

తిరిగొచ్చేసరికి ఒకటీ నాలుగూ చల్లబడతా ఉండాయి. రెండోది మాత్రం వెచ్చగానే ఉంది.

"నాకొదిలెయ్యమ్మా" అనింది ధరణి. గౌను సర్దుకోని ఆ బండ మీద బోర్లా పడుకునింది. రెండు అరచేతులూ దానికి ఆనించింది. "నా చేతులు చల్లగా ఉండాయి కదా. నా చల్లన దీనికిస్తా."

మధ్యాన్నం అన్నానికి లెమ్మంటే లేవలేదు. గిరి వచ్చి బతిమాలినాడు, కసురుకున్నాడు, కడకు తనూ పక్కన చతికిలబడి తువ్వాలుతో విసిరినాడు. ఎదురింటి నుంచి కుప్పమ్మ తాటాకు విసనకర్ర పట్టుకొచ్చి, "ఇది పట్టుకో అబ్బా, తువ్వాలుకు గాలెక్కడొస్తాది" అని ఇచ్చిపోయింది. ప్రసన్న పిల్ల నెత్తి దగ్గర కూర్చోని దాని గోళ్ళనే చూస్తా ఉండిపోయింది. మూడో వారం, రక్తం అడుగంటే వారం. అట్లాంటి పిల్ల ఉన్న చల్లన కూడా ఇచ్చేస్తే ఏమైపోతాదో అని ఆమె ప్రాణం విలవిల్లాడింది. లాగేద్దామని రెండుసార్లు భుజం పట్టుకునింది. లాగలేకపోయింది.

సందకాడ సంతోషమ్మ చిత్తూరు బస్సు దిగి వచ్చేసరికి రెండో బండ మీద మంచు పట్టుంది. ధరణి దాని మీదే నిద్రపోతా ఉంది. ప్రసన్న పిల్లను ఎత్తుకోబోయి, చేతులు పట్టుకోని ఉలిక్కిపడింది. ఆ చేతులు వెచ్చగా ఉన్నాయి. జ్వరమేమోనని నుదురు చూసింది, మెడ చూసింది. జ్వరం లేదు. రెప్ప లాగి చూస్తే లోపల ఎర్రగా ఉంది. అత్తను పిలిచి చూపించింది. సంతోషమ్మ చూసి, వంటింట్లోకి పోయి పొయ్యి ముట్టించింది.

శుక్రవారం గిరి, ప్రసన్న, ధరణి ముగ్గురూ తిరపతి పోయినారు. ముందు రక్తం ఎక్కించే చోటికి. ఎక్కించే ముందు ఒంట్లో రక్తం ఎంతుందో చూసే హిమోగ్లోబిన్ పరీక్ష చేస్తారు. మూడో వారంలో ధరణికి ఏడు దాటిన పాపాన పోలేదు ఎప్పుడూ. పరీక్ష చేసే అమ్మాయి కాగితం చూసి, "మిషను సరిగా లేదు" అని ఇంకోసారి సూది గుచ్చింది. రెండోసారీ పదకొండున్నరే వచ్చింది. పెద్ద డాక్టరు వచ్చి, పాత కాగితాలన్నీ తిరగేసి, "ఈవేళ ఎక్కించక్కర్లేదు. వచ్చే వారం తీసుకురండి, చూద్దాం" అన్నాడు.

చూద్దాం అన్నాడు, తగ్గిపోయింది అనలేదు. ప్రసన్న ఆ మాటను పట్టుకోని దోవ పొడుగునా నలుపుకునింది. వచ్చే వారం మళ్ళీ ఏడుకు పడిపోతే? ఈ ఒక్క వారమేనేమో? గిరి అయితే ఆటోలో పిల్లను ఒళ్ళో కూర్చోబెట్టుకోని దాని చేతులు తన బుగ్గలకు ఆనించుకోని కూర్చున్నాడు.

తర్వాత పిండాలున్న ఆస్పత్రికి పోతే డాక్టరమ్మ కాగితాలు సిద్ధం చేసి పెట్టింది. మూడో నంబరు ఎదురుగా గీత, దాని కింద సంతకానికి చోటు. ఆ పక్కన, ఎంచుకోడానికి కారణం అన్న గడిలో, "అక్క చికిత్స కోసం" అని ఆమే ముందుగా రాసి పెట్టింది. ప్రసన్న పెన్ను తీసుకునింది. చెమటకు పెన్ను జారతా ఉంది.

ధరణి బల్ల అంచు పట్టుకోని మునివేళ్ళ మీద లేచి ఆ గడి కూడబలుక్కోని చదివింది.

"అమ్మా, ఇంక నా కోసరం ఎవురూ పుట్టాల్సిన పన్లేదు" అనింది. "ఊరికే పుట్టమను."

 ప్రసన్న గిరి వైపు చూసింది.  వద్దంటాడేమో, మళ్ళీ మొక్కల సంగతి ఎత్తుతాడేమో అనుకునింది. అతను పిల్ల చేతులకేసి చూసి, "నీ ఇష్టం మే" అన్నాడు. 

"మేడం, ఏదీ తీసేయొద్దు" అనింది ప్రసన్న. "ముందు ఒకటో నంబరు పెట్టండి."

"అది ధరణికి సరిపోదని చెప్పానుగా?"

"తెలుసు మేడం. వరసలో అదే ముందుండాది."

"రేపు ధరణికి మళ్ళీ తగ్గితే?"

"భయంగానే ఉండాది మేడం. చచ్చేంత భయంగా ఉండాది. మూడోది యాడికీ పోదు కదా, దాని వంతుకు అది వస్తాది."

"మరి రెండోది?" డాక్టరమ్మ మెల్లగా అడిగింది.

ధరణి తల్లి కొంగు పట్టుకునింది. ఆ పట్టు ప్రసన్నకు తెలిసింది.

"దాని వంతుకు అదీ వస్తాది. అప్పుడు ఇద్దరినీ పట్టుకోని ఇదే బస్సులో వస్తా."

డాక్టరమ్మ చాలాసేపు కళ్ళద్దాలు తుడుచుకునింది. తర్వాత కొత్త కాగితం తీసి, ఒకటో నంబరు వేసి, పెన్నుతో సహా ఇటు జరిపింది. కారణం అన్న గడి ఖాళీగా ఉంది. ఖాళీగా వదిలితే చెల్లదమ్మా, ఏదో ఒకటి రాయాలి, అనింది.

ప్రసన్నకుమారి పదో తరగతి దాకా చదివింది. గుండ్రటి అక్షరాలు, తొందరలేని చేతిరాత. గడి చిన్నది, మాట అందులో సరిగ్గా పట్టింది. "ఊరికే" అని రాసి, కింద సంతకం పెట్టింది.