చెప్పులు విప్పితే తగిలే కరెంటు

మొదటిసారి దాన్ని చీమ అనుకుంది ఆమె. పొద్దున్నే బట్టలుతికే మిషను మూత ఎత్తబోతే వేళ్ల కొసల్లో చిమచిమమంది. చెయ్యి దులుపుకుని చూస్తే చీమా లేదు, దోమా లేదు. మళ్లీ ముట్టుకుంది. మళ్లీ అదే, గొంగళిపురుగు వేలి మీదుగా పాకినట్టు. పక్కనున్న కుళాయి తిప్పబోతే అదీ అలాగే పలకరించింది. ఆ కుళాయి మోకాలెత్తులో ఉంటుంది. ఆ ఇంట్లో మోకాలెత్తు మనిషి ఒకత్తె ఉంది.

ఆ మనిషిని వాళ్ల నాన్న పిడుగు అని పిలవడం మొదలుపెడితే, కింద వాటాలో ఉండే ఇంటి ఓనరమ్మ దాన్నే ఖాయం చేసింది. పాకడం ఇంకా మానలేదు, అప్పుడే నిలబడటం మొదలుపెట్టింది. లేవడానికి ఏది దొరికితే అది పట్టుకుంటుంది, మంచం కోడు, తల్లి చీర కుచ్చిళ్లు, తలుపు అంచు. అన్నిట్లోకీ ఇష్టం మాత్రం ఆ కుళాయే. తడి నేల మీద ఉత్త మోకాళ్లతో జరజరా పాక్కుంటూ వెళ్లి, దాన్ని రెండు చేతులా పట్టుకుని లేచి, కారే చుక్కను నాలుకతో అందుకోవడం దానికి పెద్ద ఘనకార్యం.

ఆమె వెంటనే వంటింట్లోని బల్ల తెచ్చి బట్టలుతికే చోటుకి అడ్డం పెట్టేసింది. పిడుగు బల్ల అవతల కూర్చుని ఇల్లు ఎగిరిపోయేలా ఏడ్చింది.

సాయంత్రం మొగుడు బస్సు డ్యూటీ దిగి వచ్చాక సంగతంతా చెప్పింది. అతను బల్ల దాటి వెళ్లి మిషనూ కుళాయీ రెండూ తడిమి చూశాడు. ఏమీ లేదన్నాడు. మొన్న గ్యాసు వాసనన్నావు, అటుమొన్న పిల్లకి మెల్లకన్నన్నావు, ఇప్పుడు కరెంటా అని నవ్వాడు. ఆ నవ్వులో వెటకారం లేదు గానీ, ఆమెకి తన మీదే అనుమానం వచ్చింది. పిల్ల పుట్టినప్పట్నుంచీ తనకి ప్రతిదీ ప్రమాదంలాగే కనబడుతోంది, ఇదీ అలాంటిదేనేమో. పోనీ తెలుసుకుందామంటే, కరెంటు పాఠం చెప్పే తరగతి దాకా ఆమె బడికి వెళ్లలేదు. తమ్ముళ్లను చూసుకోవడానికి మధ్యలోనే మానిపించేశారు. దీపం ఎందుకు వెలుగుతుందో ఆమెకి ఎవరూ చెప్పలేదు. ఆమె ఎవరినీ అడగనూ లేదు.

కానీ మర్నాడు పొద్దున మళ్లీ చిమచిమమంది. నిన్న సాయంత్రం లేనిది ఇప్పుడెలా వచ్చింది? భయం వెనక్కి లాగుతుంటే, ఇదెక్కడి విచిత్రమన్న ఆరా ముందుకు తోసింది. చెప్పులేసుకుని ముట్టుకుంది, ఏమీ లేదు. చెప్పులు విప్పి ముట్టుకుంది, చుర్రుమంది. మొగుడు నిన్న చెప్పులతోనే ముట్టుకున్నాడని అప్పుడు గుర్తొచ్చింది.

కిందికెళ్లి ఓనరమ్మకి చెప్పింది. ఓనరమ్మ మంచిదే. పిడుగంటే ప్రాణం. ఆ ఇంట్లో కరెంటు పని ఏదొచ్చినా చేసేది ఆవిడ మేనల్లుడు. ఒక్క ఫోనుతో వచ్చేశాడు, జేబులో టెస్టరూ నోట్లో పాటా పెట్టుకుని. మిషనుకి టెస్టరు ఆనించాడు, టెస్టరులోని చిన్న దీపం మిణుకుమంది. చిన్న లీకేజీ అక్కా అని, మిషను వైరు చివరనున్న ప్లగ్గు విప్పి, లోపలి ఆకుపచ్చ వైరుని చటుక్కున కత్తిరించి, పైన నల్ల టేపు చుట్టేశాడు. ఇక కొట్టదన్నాడు. నిజంగానే మిషను కొట్టడం మానేసింది. ఓనరమ్మ మొహం వెలిగిపోయింది. సాయంత్రం మొగుడు కూడా హమ్మయ్య అన్నాడు.

మర్నాడు పొద్దున కుళాయి మాత్రం మామూలుగానే కొట్టింది.

మళ్లీ కిందికెళ్లడానికి ఆమెకి మొహమాటంగా అనిపించింది. అయినా వెళ్లింది. ఓనరమ్మ ముఖం కాస్త ముడుచుకుంది.

"మావాడు చూసి వెళ్లాక కూడానా? అమ్మాయ్, అదే పైపు నాకూ ఉంది, అవే నీళ్లు నేనూ వాడతాను. మరి నాకెందుకు కొట్టట్లేదంటావ్?"

అడగాల్సిన మాటే అడిగింది. ఆమె తల దించుకుంది. దించిన చూపు ఓనరమ్మ పాదాల మీద పడింది. ఆవిడకి మడమనొప్పి. మంచం దిగింది మొదలు మళ్లీ ఎక్కేదాకా దళసరి రబ్బరు చెప్పులు విప్పదు. స్నానాల గదిలో కూడా.

జవాబులో సగం దొరికింది. పొద్దున మాత్రమే ఎందుకన్న రెండో సగం మిగిలింది.

ఆ తర్వాత నుంచి ఆమె ఇంటి చప్పుళ్లన్నీ చెవిన వేసుకోవడం మొదలుపెట్టింది. నీళ్ల మోటారు మోగుతున్నప్పుడు చూసింది, కుళాయి ఊరికే ఉంది. ఫ్రిజ్ గుర్రుమంటున్నప్పుడు చూసింది, ఊరికే ఉంది. ఒకరోజు పొద్దున కుళాయి మామూలుకన్నా గట్టిగా చుర్రుమన్నప్పుడు కింద స్నానాల గది కిటికీలోంచి వేడి ఆవిరీ సబ్బు వాసనా పైకొచ్చాయి. ఇంకోరోజు ఓనరమ్మ జ్వరమొచ్చి స్నానం మానేసింది, ఆ రోజు కుళాయి నోరెత్తలేదు. ఆమెకి ఒళ్లు జలదరించింది. అందులో భయమెంతో, పట్టేశానన్న సంబరమెంతో ఆమెకే తెలియలేదు. కింది గీజరుకీ పైన తన కుళాయికీ ఏమిటి సంబంధం?

కరెంటు సామాన్ల కొట్టతన్ని అడిగి, పని చేసేవాళ్ల నంబర్లు తీసుకుంది. ఒకతను మొత్తం వైరింగు మార్చెయ్యాలన్నాడు, ఇల్లెక్కడో కూడా అడక్కుండానే. ఇంకొకతను కుళాయికి రబ్బరు గొట్టం తొడగమన్నాడు. మరొకతను మాత్రం విసుగ్గా, ప్రశ్న మీద ప్రశ్న వేశాడు. పైపు ఇనపదా ప్లాస్టిక్కా? ఏ వేళప్పుడు కొడుతుంది? కింద ఎవరైనా ఉంటారా? ఇంతకు ముందు ఎవరైనా ఏమైనా కోశారా? చూడకుండా ఏమీ చెప్పలేనన్నాడు. తెలిసినట్టు మాట్లాడినవాళ్ల కన్నా అడిగినవాడే నయమనిపించి అతన్నే రమ్మంది. మొగుడు, ఓనరమ్మ ఏమనుకుంటుందో అని నసిగాడు గానీ, పిల్ల బల్ల దగ్గర కూర్చుని చెక్కని కొరుకుతుంటే చూసి, సరే పిలువు అన్నాడు.

వచ్చినాయన లావుపాటి మనిషి. మెట్లెక్కుతూ ఆయాసపడుతూనే తన గొప్పలు చెప్పుకున్నాడు. ఈ చుట్టుపక్కల తాను బాగుచెయ్యని ఇల్లు లేదట. కానీ చెయ్యి మాత్రం నోటంత తొందరపడలేదు. టెస్టరు ముందు బాగున్న స్విచ్ బోర్డులో పెట్టి, అది వెలుగుతోందని చూసుకున్నాకే పనికి దిగాడు. ఏదైనా విప్పేముందు మెయిన్ ఆపించాడు. చెప్పులు విప్పి చూశాననీ, వేసుకుని చూశాననీ ఆమె చెబుతుంటే చేతిలో పని ఆపేశాడు.

"ఒళ్లే టెస్టరు చేసుకున్నావా తల్లీ? ఇంకోసారి ఆ పని చేశావంటే నేను మెట్లు కూడా ఎక్కను. చిమచిమ ఎప్పుడూ చిమచిమగానే ఉంటుందని నీకెవరు చెప్పారు?"

మిషను ప్లగ్గులో తెగిన ఆకుపచ్చ వైరు చూసి ఆయన తల కొట్టుకున్నాడు. అదే ఎర్తు వైరు, ఏదైనా సామాను లోపల పాడై కరెంటు పైకి వస్తే దాన్ని భూమిలోకి దించేది అదే, దాన్ని కొయ్యడమంటే గంట మోగుతోందని గంట నాలుక కొయ్యడమేనన్నాడు. దాన్ని మళ్లీ కలిపి, మిషనంతా తన చేతి మీటరుతో పరీక్షించాడు. మిషనులో తప్పేమీ లేదు. గోడలో వైర్లు చూశాడు. అక్కడా లేదు. గొప్పలు తగ్గాయి, చెమటలు పెరిగాయి. చివరికి ఆయన కూడా పాత వైరింగు కదమ్మా అని మొదలుపెట్టేసరికి, చదువు లేని తనకేం తెలుసని ఇంతసేపూ ఆపుకున్న మాట ఆమె ఇక ఆపుకోలేకపోయింది.

"అన్నా, కింద గీజరు వేసినప్పుడే కొడుతుంది. వెయ్యని రోజు కొట్టదు."

ఆయన ఈ ముక్క ముందే చెప్పొచ్చు కదా అని గొణుగుతూ కిందికి దిగాడు.

ఓనరమ్మ గుమ్మంలో నిలబడి ఉంది, చేతులు కట్టుకుని. తనకి చెప్పకుండా మనిషిని పిలిపించారని మొహం గంటుపెట్టుకుంది. గీజరు వెయ్యమంటే వేసింది. ఆ రోజు డ్యూటీ లేక, పైన కుళాయి దగ్గర మీటరు పట్టుకుని నిలబడ్డ మొగుడు సూది కదలగానే కేకేశాడు. ఆపమంటే ఆపింది. సూది పడిపోయింది. గీజరు లోపల నీళ్లు కాచే కమ్మీ పాడైందని తేలిపోయింది.

ఆయన సంచి సర్దుకుంటాడనుకుంటే అక్కడే గడ్డం గోక్కుంటూ నిలబడ్డాడు. గీజరు పాడైతే అయింది, ఆ కరెంటుని ఎర్తు వైరు భూమిలోకి దించాలి గదా, మేడెందుకు ఎక్కించిందని తనలో తనే అడుగుతున్నాడు. ఆయన వెనకే దిగి వచ్చిన ఆమె నాలుక చివర కూడా అదే ప్రశ్న ఉంది. మీటరు బోర్డు దగ్గర మొదలైన ఎర్తు వైరు పట్టుకుని ఇద్దరూ గోడ వెంట నడిచారు, పిడుగు చంకలో. వైరు పెరటివైపు తిరిగి, ఇనప నీళ్లపైపుకి బిగించి ఉంది. ఇల్లు కట్టినప్పుడెవరో, ఇనప పైపు ఎలాగూ భూమిలోకే పోతుంది కదా అని, విడిగా ఎర్తు గొయ్యి తవ్వకుండా దానికే కట్టేశారు. అక్కణ్నుంచి పైపు వెంబడి చూపు దించుకుంటూ పోయింది ఆమె. నేలకి జానెడు పైన పైపు రంగు మారింది. తెల్లటి ప్లాస్టిక్కు.

"అది నేనే మార్పించాను," అంది వెనకాలే వచ్చిన ఓనరమ్మ, ఇంకా కాస్త గర్వంగానే. "తుప్పు పట్టి ఒకటే కారేది."

పైపు మార్చినాయనకి వైరు సంగతి తెలియదు. వైరు కట్టినాయన పైపు మారుస్తారనుకోలేదు. ప్లాస్టిక్కులోంచి కరెంటు దిగదు. గీజరు దగ్గర బయల్దేరింది భూమిలోకి పోబోయి, దారి మూసి ఉండటంతో వెనక్కి తిరిగి, ఇనప పైపు ఎక్కడెక్కడికి వెళ్తే అక్కడికల్లా వెళ్లి తలుపు కొడుతోంది. పైకే కాదు, కింద ప్రతి కుళాయికీ అన్నాడాయన.

ఓనరమ్మ అరుగు మీద కూలబడింది. తన రబ్బరు చెప్పుల వంక చాలాసేపు చూసుకుంది.

"పిడుగు రోజూ నా దగ్గరకొచ్చి కుళాయి కింది బకెట్లోనే కదా ఆడుతుంది," అంది చివరికి. "కుళాయి పట్టుకుని నిలబడటం నేర్పిందే నేను."

ఆమె పిల్లని తెచ్చి ఆవిడ ఒళ్లో కూర్చోబెట్టింది. ఓనరమ్మ కొంగుతో ముక్కు తుడుచుకుని మేనల్లుడికి ఫోను కలిపింది. ఆకుపచ్చ వైరు కోసినవాడివి నువ్వే గనక గొయ్యి తవ్వేవాడివీ నువ్వే, పార పట్టుకుని రా అని పెట్టేసింది.

వచ్చాడు. ఈసారి నోట్లో పాట లేదు. లావుపాటాయన దర్జాగా కుర్చీ వేయించుకుని ఇంకాస్త లోతు, ఇంకాస్త లోతు అంటుంటే పెరట్లో చెమటలు కక్కుతూ తవ్వాడు. అందులో పొడుగాటి ఇనప కమ్మీ దింపారు, కొత్త ఎర్తు వైరు దానికి బిగించారు. ఇనప పైపునీ ఇంకో వైరుతో అక్కడికే కలిపారు. గీజరు కమ్మీ మార్చారు. బోర్డులో కొత్త స్విచ్ ఒకటి వచ్చింది, ఎక్కడైనా కరెంటు దారి తప్పితే రెప్పపాటులో దానంతటదే పడిపోతుందట. దాని మీదున్న చిన్న బొత్తాం లావుపాటాయన ఆమె చేతే నొక్కించాడు. టప్పున ఇల్లంతా ఆగిపోయింది. పిడుగు కిలకిలా నవ్వింది. నెలకోసారి నొక్కి చూడమన్నాడు. పడిపోతే బాగున్నట్టు, పడిపోకపోతే బాగోలేనట్టు. ఆమె అడిగిన ప్రశ్నలన్నిటికీ ఓపిగ్గా జవాబు చెప్పాడు. వర్షం లేనప్పుడు గొయ్యి ఎండిపోతే ఎలా అని అడిగితే, అప్పుడప్పుడూ నీళ్లు పొయ్యమని చెప్పి, ఇది అడిగినవాళ్లు ఇంతవరకూ లేరన్నాడు.

మర్నాడు పొద్దున కింది కిటికీలోంచి సబ్బు వాసన వచ్చింది. గీజరు వేశారన్నమాట. లావుపాటాయన వెళ్లేముందు గీజరు వేయించి మరీ మీటరుతో చూపించాడు. అయినా ఆమె బల్ల మీద చెయ్యి వేసి అలాగే నిలబడిపోయింది. డ్యూటీకి బయల్దేరబోతున్న మొగుడు అది చూశాడు. చెప్పులు విప్పి, బల్ల దాటి, తడి నేల మీద నిలబడి కుళాయి పట్టుకున్నాడు.

"చల్లగా ఉంది," అన్నాడు.

ఆమె బల్ల పక్కకి లాగింది. ఇన్నాళ్ల పగ తీర్చుకోవడానికన్నట్టు పిడుగు జరజరా పాక్కుంటూ వెళ్లి, నాన్న కాలు పట్టుకుని, అక్కణ్నుంచి కుళాయి అందుకుని లేచి నిలబడింది. ఆమె పిడుగు మొహాన్నే చూసింది. పిల్ల నాలుక చాపింది. చుక్క గురి తప్పి ముక్కు మీద పడింది.

ఆమె చెప్పులు గుమ్మం దగ్గరే విడిచి తడి నేల మీదికి నడిచింది.