పసుపు కాళ్ల కప్ప

నేను ఒక ఆకుపచ్చ గ్లేజు కాగితాన్ని. కాదు, కప్పని. మధ్యలో టోపీని కూడా అయ్యాను, పడవని కూడా అయ్యాను, దయచేసి ఆ పడవ సంగతి ఇప్పుడే అడగకండి. నువ్వెవరని ఎవరైనా అడిగితే ఒక్క మాటలో చెప్పుకోలేక చస్తున్నాను. ఒంటి నిండా మడతలే. ఒకటి ఇటు లాగుతుంది, ఇంకొకటి అటు లాగుతుంది. ఒకచోట కుదురుగా కూర్చునే యోగం నాకు రాసిపెట్టి లేదు.

వెదుర్లను ముక్కలు కొట్టి, ఉడికించి, గుజ్జు చేసి, పరిచి ఆరబెట్టి, ఒక పక్క రంగు పూసి మెరుగు పెడితే నేనయ్యానట. పుట్టినప్పటి సంగతి ఎవరికి మాత్రం జ్ఞాపకం ఉంటుంది! నాకు ఊహ తెలిసేసరికి సామర్లకోట స్టేషన్ రోడ్డులో ఒక పుస్తకాల కొట్లో, చుట్టగా చుట్టి రబ్బరు బ్యాండు వేసి, ఊపిరాడకుండా ఉన్నాను. కొట్టాయన కాగితాలు విడదీయడానికి వేలు నాలుక మీద రాసుకునేవాడు. ఆ వేలు దగ్గరకొస్తుంటే నాకు ఒళ్లు జలదరించేది. ఎవరో ఒకరు నన్ను కొనుక్కుపోతే బాగుండునని రోజంతా వేగిపోయేదాన్ని.

కొన్నది ఇద్దరు పిల్లలు. ఉత్పల, కెజియా. రైల్వే కాలనీలో పక్కపక్క క్వార్టర్లు. ఉత్పల నాన్న గార్డు, కెజియా నాన్న ఇంజను నడుపుతాడు. రెండిళ్లకీ మధ్య నడుమెత్తు పిట్టగోడ ఒకటి ఉంది గానీ, ఆ పిల్లలు దాన్ని గోడగా ఎన్నడూ లెక్కచెయ్యలేదు. ఆ వేసవిలో కాలనీ హాల్లో సుగుణ టీచర్ అనే ఆవిడ పిల్లలకి కాగితం బొమ్మలు నేర్పేది. కుక్క మొహం, పిల్లి మొహం, టోపీ, పడవ, ఎగిరే కప్ప. "మడత పెట్టాక గోటితో గట్టిగా గీరండర్రా, లేకపోతే కప్ప ఎగరదు, కూలబడుతుంది" అని అరిచేది. కెజియా గోరు కత్తిలాంటిది. ఉత్పల మడతలు మాత్రం ఎప్పుడూ వంకరే.

మిగతా రంగులన్నీ కుక్కలై, పిల్లులై అయిపోయాయి. పొడుగు ముక్క నేనొక్కదాన్నే మిగిలాను. నన్ను కప్పకోసమని దాచి, ఉత్పల వాళ్లింట్లో బల్ల మీద పెట్టారు. అక్కడే వచ్చింది తంటా. ఉత్పల వాళ్ల బాబాయి పెళ్లి దగ్గరపడింది. ఆ బల్ల మీదే శుభలేఖల దొంతర ఉంది. వాళ్ల మామ్మ నాగరత్నమ్మగారు కళ్లజోడు ఎక్కడో పెట్టి మరిచిపోయి, పసుపు గిన్నె ముందేసుకుని, ఒక్కొక్క శుభలేఖకీ నాలుగు మూలలా బొటనవేలూ చూపుడువేలూ కలిపి పసుపు అద్దుకుంటూ వచ్చింది. ఆ ఊపులో నాకూ అద్దేసింది. నేను శుభలేఖని కానమ్మా తల్లీ అని ఎంత మొత్తుకున్నా కాగితం గొంతు ఎవరికి వినిపిస్తుంది?

ఉత్పల వచ్చి చూసి లబోదిబోమంది. "మామ్మా! ఇది మా కప్పే! కప్పకి పసుపేంటి!" మామ్మ తొణకలేదు. "పోనీలేవే, శుభమా అని పసుపు తగిలింది. మీ కప్పకి మంచే జరుగుద్ది" అంది.

కెజియా పకపకా నవ్వి నన్ను మడిచింది. రెండు మూలలు పొట్ట కిందకి పోయాయి, రెండు ముందుకాళ్లయ్యాయి. అలా నాకు పసుపు కాళ్లు వచ్చాయి. వీపు మీద వేలితో నొక్కి వదలగానే నేను ఎగిరాను చూడండి! అబ్బ, అంతకాలం చుట్టలో బిగుసుకున్న ఒళ్లు ఒక్కసారి విడిచినట్టయింది. అరుగు మీద పందెంలో కాలనీ పిల్లల కప్పలన్నిటినీ దాటి అవతల తులసికుండీ పక్కన పడ్డాను.

గెలిచిన దానికి గర్వపడేలోపే గొడవ మొదలైంది.

"మా మామ్మ పసుపు పెట్టింది కాబట్టే గెలిచింది" అంది ఉత్పల.

"పసుపు కాదు, నా మడత" అంది కెజియా.

"పసుపు గురించి నీకేం తెలుసే! మీ ఇంట్లో పెట్టుకోరుగా. మీ చెయ్యి తగిలితే పసుపుకి బలం పోద్దేమో!"

ఆ పిల్ల ఏదో నోటికొచ్చింది అనేసింది. కానీ నేను అప్పుడు కెజియా చేతిలో ఉన్నాను. ఆ వేళ్లు చల్లబడిపోవడం నాకు తెలిసింది. కెజియా ఏడవలేదు, తిట్టలేదు. చిటికెనవేలు చూపించి "పచ్చి" అంది. వెళ్లిపోయింది.

మీరూ చిన్నప్పుడు పచ్చి చెప్పే ఉంటారు, దాని చట్టం మీకూ తెలిసే ఉంటుంది. పచ్చి చెప్పుకున్నవాళ్లు మొహం చూసి మాట్లాడకూడదు. మధ్యలో ఎవరో ఒకరుండాలి, గోడైనా సరే, గొడుగైనా సరే. తప్పు ఎవరిదో వాళ్లొచ్చి ఒప్పుకుంటే రెండు వేళ్లు కలిపి జట్టు. అందాకా అంతే. ఇక ఆ మధ్యవర్తిత్వం ఎవరికి పడిందంటారా? ఖర్మ, నాకే. పొద్దున ఒకరి దగ్గర, సాయంత్రం ఇంకొకరి దగ్గర. నన్ను పిట్టగోడ మీద కూర్చోబెట్టి చెరో పక్కా నిలబడేవాళ్లు.

"కప్పా, దానికి చెప్పు. నా రంగుపెన్సిళ్లు ఇమ్మను."

"కప్పా, దానికి చెప్పు. నేనేం తినెయ్యలేదు, ఇస్తానని."

చెవుడొచ్చిన మనిషికి కూడా వినబడేంత గట్టిగా అరుస్తూ, నేను చెబితేగానీ తెలియనట్టు మొహాలు పెట్టేవాళ్లు. పెద్దవాళ్లలోనూ ఇలాంటివాళ్లు ఉన్నారట, వాళ్లకి కాగితం కప్ప కూడా దొరకదు పాపం.

పైగా పంతాలొకటి. కెజియా తన వంతులో నన్ను విప్పేసి తన బొమ్మకి టోపీ చేసింది. అది చూసి ఉత్పల నన్ను పడవ చేసి, బట్టలు నానబెట్టే తొట్టెలో వదిలింది. ఆ పడవ సంగతి ఇదే! నీళ్లు వీపులోకి ఎక్కాయి, రంగు దిగిపోయింది, ప్రాణం పోయిందనే అనుకున్నాను. ఉత్పల హడలిపోయి నన్ను తీసి, పాత పంచె కింద పరిచి ఇస్త్రీ పెట్టెతో ఆరబెట్టింది. మళ్లీ కప్పని చేసింది. మడతలు మెత్తబడిపోయాయి. కుట్లు ఊడిన సంచిలా కూర్చున్నాను. ఎగరాలని లోపల మాత్రం అదే తహతహ.

ఒక సాయంత్రం కెజియా గోడ దగ్గరికి వచ్చింది.

"కప్పా, దానికి చెప్పు. మా నాన్నకి బిట్రగుంట ట్రాన్స్‌ఫర్ అయింది. ఆదివారం సామాను వెళ్లిపోద్ది."

ఉత్పల గోడ మీది సున్నం గోటితో గీకింది. తరవాత "కప్పా, దానికి చెప్పు. వెళ్తే వెళ్లమను" అని, నన్ను గుప్పిట్లో నలిపినట్టు పట్టుకుని, స్నానాలగదిలో దూరి గడియ వేసుకుని ఏడ్చింది. ఆ ఏడుపు విన్నది నేనొక్కదాన్నే. నాకు కాళ్లూ చేతులూ ఆడలేదు. ఒక్క ఎగురు ఎగిరి ఆ గోడ దూకి, ఇలా ఏడుస్తోందే అని ఆ పిల్లకి చెప్పి రావాలనిపించింది. గుప్పిట్లో ఉన్న కప్ప ఎక్కడికి ఎగురుతుంది?

ఆదివారం పొద్దున్నే వ్యాన్ వచ్చింది. మంచాలెక్కాయి, బీరువా ఎక్కింది. అరుగు మీద చివరి ట్రంకు పెట్టె మిగిలింది. దాని అవతల కెజియా. నన్ను పట్టుకుని ఇవతల ఉత్పల. నన్ను పెట్టె మీద, పసుపు కాళ్లు కెజియా వైపు ఉండేలా కూర్చోబెట్టింది.

"కప్పా, దానికి చెప్పు..." అంది. మళ్లీ మొదలెట్టింది. "దానికి చెప్పు, పసుపు మాట నేను అనకూడదు. అది తప్పు. నాకు తెలుసు."

వీపు మీద వేలు పెట్టి నొక్కి వదిలింది.

బతుకంతా నిలవలేక కొట్టుకున్నదాన్ని, ఎగరమంటే చాలు ఎగిరినదాన్ని, ఆ ఒక్కసారి ఎగరలేకపోయాను. పక్కకి ఒరిగి కూలబడ్డాను. ఉత్పల లేపి కూర్చోబెట్టి ఇంకా గట్టిగా నొక్కింది. వెనకమడత చర్రున చిరిగింది. సిగ్గుతో చచ్చిపోయాను. అయ్యో, ఇప్పుడేగా నాతో పని పడింది!

డ్రైవరు హారన్ కొట్టాడు. కెజియా నా వంక చూసింది. తరవాత తలెత్తి, అన్నాళ్లకి మొదటిసారి, ఉత్పల మొహంలోకి చూసింది.

"అది ఇంక ఎగరదే, ఉత్పలా. నువ్వే రావే."

ఉత్పల పెట్టె చుట్టూ తిరిగి కూడా వెళ్లలేదు. పెట్టె ఎక్కి దూకింది. ఆ దూకుడుకి నేను కింద పడ్డాను. రెండేసి వేళ్లు కలిశాయో, మెడలు కలిశాయో, కింది నుంచి నాకు సరిగా కనిపించలేదు. ఏడుపూ నవ్వూ మాత్రం వినిపించాయి, ఏది ఎవరిదో తెలియలేదు. పెట్టె వ్యానెక్కింది, వ్యాన్ కదిలింది, ఉత్పల గేటు దాకా పరిగెత్తింది. నన్ను ఇద్దరూ మరిచిపోయారు.

సాగనంపడానికి వచ్చిన మామ్మ కాలు నాకు తగిలింది. "అయ్యో, సరస్వతి!" అని వంగి తీసి కళ్లకద్దుకుంది. మూలలు తడిమి, ముక్కు దగ్గర పెట్టుకుని పసుపు వాసన పట్టింది. "ఎవరిదో శుభలేఖ! ఇలా కాళ్ల కింద పడేస్తారా?" అని గొణుక్కుంటూ, తీసుకెళ్లి దేవుడి గూట్లో మిగిలిన శుభలేఖల మధ్య నిలబెట్టింది. కళ్లజోడు ఆ రోజూ లేదు.

అప్పటినుంచీ ఇక్కడే ఉన్నాను. అగరొత్తుల పొగ, గంట చప్పుడు. మర్యాదకేం లోటు లేదు, రోజూ నాకూ ఒక దండం పడుతోంది. కానీ కుదురేదీ? ముఖ్యంగా ఫోను మోగినప్పుడు. వాళ్లమ్మ ఫోను పట్టుకుని ఉత్పల సరిగ్గా ఈ గూటి కిందే, చాప మీద బోర్లా పడుకుని మాట్లాడుతుంది. అవతల కెజియా గొంతు నాకు స్పష్టంగా వినిపిస్తుంది.

"కప్పని జాగ్రత్తగా చూస్తున్నావా?"

"నా దగ్గరెక్కడుందే? నువ్వేగా తీసుకెళ్లావు!"

"నేనా? నీ దగ్గరే వదిలేశాను కదే!"

"అబద్ధం! నీ దగ్గరే దాచుకున్నావు. నాకు తెలుసులే, దాచుకో. దాన్ని విప్పకు మాత్రం."

రెండు వైపులా నవ్వులు. నేను గూట్లో ముందుకాళ్ల మీద లేచి నిలబడాలని చూస్తాను. ఇక్కడున్నానే పిల్లా, నీ నెత్తి మీదే ఉన్నాను, ఒక్కసారి తల పైకెత్తవే.