ధనమ్మ బావి ఎరుపు

బందరు విశ్వవిద్యాలయంలో రాజకుమారి గది తలుపు మీద బోర్డు రెండు వరుసల్లో ఉంటుంది. పైన "డైరెక్టర్" అని, కింద "ఇంటర్‌డిసిప్లినరీ పీజీ కోర్సులు, బయటి సంస్థల భాగస్వామ్యాలు" అని. ఆ రెండో వరుస చదవడం మొదలుపెట్టినవాళ్లు చాలామంది సగంలో ఆపేసి, "మేడం గారున్నారా అండీ" అని తలుపు తోసేవారు.

పద్దెనిమిదేళ్లు కెమిస్ట్రీ పాఠం చెప్పాక రెండేళ్ల కిందట ఆ బోర్డు ఆమె తలుపుకి వచ్చింది. దాంతోపాటు ఒక కొత్త ఎమ్మెస్సీ కూడా వచ్చింది. తీరం, నీరు, బతుకుతెరువు ఆ కోర్సు విషయాలు. ఏ డిగ్రీ చదివినవాళ్లయినా చేరొచ్చు. పదకొండుమంది చేరారు. వాళ్లలో కెమిస్ట్రీ వాళ్లున్నారు, కంప్యూటర్ల వాళ్లున్నారు, చరిత్ర, కామర్సు చదివినవాళ్లూ ఉన్నారు. కెమిస్ట్రీ డిపార్టుమెంటు వాళ్లేమో అది జియాలజీ వాళ్ల కోర్సనేవారు, జియాలజీ వాళ్లేమో కాదు పొమ్మనేవారు. బయటి సంస్థలతో ఒప్పందాలకి కొదవ లేదు. ఒక శాలువా, ఒక ఫొటో, బీరువాలోకి ఒక ఫైలు. ఆ ఫైళ్లలో ఒక్కటి కూడా ఏ విద్యార్థికీ ఏమీ నేర్పలేదన్న సంగతి రాజకుమారికి అందరికంటే బాగా తెలుసు.

ఆ జనవరిలో పై నుంచి మాట వచ్చింది. కోర్సుకి నిజంగా పనిచేసే భాగస్వామి జూన్‌లోపు కుదరకపోతే కొత్త అడ్మిషన్లు ఉండవని. హైదరాబాదులో నీటి మీద పరిశోధన చేసే ఒక సంస్థకి ఆమె మూడోసారి ఫోన్ చేసింది. అక్కడి శాస్త్రవేత్త సోమేశ్వరరావు మర్యాదస్తుడే గాని మొహమాటం లేని మనిషి.

"మీ తీరంలో ఉప్పునీరు ఎంత లోపలికి వచ్చిందో మా దగ్గర పదిహేనేళ్ల అంకెలున్నాయండీ. అంతకు ముందువి లేవు. ఒకే చోటి నీళ్లవి నలభై ఏళ్ల రికార్డు ఏదైనా చూపించండి, వచ్చి సంతకం పెడతాను. లేదంటే ఇంకో ఫొటో దిగినట్టే అవుతుంది. మీకూ ఎందుకు, మాకూ ఎందుకు."

పిల్లలూ ఆమే నెలరోజులు ఆఫీసుల చుట్టూ తిరిగారు. కొన్నిచోట్ల పుస్తకాలు చెదలు పట్టిపోయాయి, కొన్నిచోట్ల ఎప్పుడో ఎవరో పట్టుకెళ్లారన్నారు. ఫిబ్రవరిలో ఒకరోజు క్లాసులో ఆ మాటే దాచకుండా చెప్పేసింది. పెడన నుంచి వచ్చే రజని, బి.ఎ.లో చరిత్ర చదివిన పిల్ల, లేచి నిలబడి అడిగింది.

"మేడం, రికార్డంటే కాగితమే అయ్యుండాలాండీ?"

"ఎందుకు అలా అడిగావు?"

"మా తాతయ్య దగ్గర గుడ్డముక్కలున్నాయండీ. ఏడాదికొకటి."

మర్నాడు పొద్దున్నే రాజకుమారి పెడన వెళ్లింది. రజని తాతయ్య మార్కండేయులు కలంకారీ అద్దకం పనివాడు. ఆయన పాక కాలవ వారన ఉంది. లోపల పొడుగాటి బల్లల మీద పనివాళ్లు చెక్క అచ్చులు రంగులో ముంచి గుడ్డ మీద వేస్తూ, పిడికిలితో గుద్దుతున్నారు. అరవై ఎనిమిదేళ్ల మనిషి, వేళ్లు కణుపుల దాకా నలుపు. ఆమెకి కుర్చీ వేయించి ఆయన నిలబడే మాట్లాడాడు.

"ఏవో నీళ్ల రికార్డులు కావాలన్నారంట కదమ్మా. నా దగ్గర అటువంటివేం లేవండీ. మా మనవరాలు తెలిసీ తెలియక చెప్పుంటుంది."

"గుడ్డముక్కలు చూద్దామనే వచ్చానండీ."

ఆయన సబ్బుతో చేతులు కడుక్కుని, తడి లేకుండా తుడుచుకుని, ట్రంకుపెట్టెలోంచి ఒక తెల్లటి మూట తీశాడు. బల్ల మీద గుడ్డ తీయించేసి, ఒక్కొక్క ముక్కే వరసగా పరవడం మొదలుపెట్టాడు. జానెడు పొడుగు, నాలుగు వేళ్ల వెడల్పు. ప్రతిదాని మధ్యలో ఒకే అచ్చు, ఎనిమిది రేకుల పువ్వు. మూలన నల్లరంగుతో ఏడాది, నెల. బల్ల చాలక రెండో బల్ల కలిపారు. అచ్చుల చప్పుడు ఎప్పుడు ఆగిపోయిందో రాజకుమారి గమనించలేదు.

మొదటి ముక్క మూలన "77 డిసెంబరు" అని ఉంది. దాని మీద మాత్రం పువ్వు తేలలేదు. టీ ఒలికినట్టు గోధుమరంగు మరక ఉంది.

"ఉప్పెన వెళ్లిన మూడో వారం మా నాన్న నన్ను తీసుకుని దివిసీమ వెళ్లాడమ్మా. నాకప్పుడు ఇరవై ఒకటి. మా ధనమ్మత్తని నాగాయలంక అవతల ఇచ్చారు. ఉందో లేదో తెలీదు. సగం దూరం నడిచే వెళ్లాం. అత్త ఉంది. మావయ్య లేడు. అత్త బావి దగ్గర కూర్చునుంది. ఏడవలేదు. 'అన్నయ్యా, ఈ నీళ్లు మళ్లీ ఎప్పుడు తాగొచ్చు' అని అడిగింది. అదొక్కటే అడిగిందండీ."

"మీ నాన్నగారు ఏమన్నారు?"

"ఏమంటాడండీ, ఆయనకి తెలిసింది గుడ్డకి రంగెయ్యడం. బిందెతో ఆ నీళ్లు పట్టుకొచ్చాడు. కరక్కాయ పట్టించిన గుడ్డ మీద పటికతో అచ్చేసి, ఎర్రరంగిచ్చే చిరివేరు వేసి ఆ నీళ్లలోనే ఉడకబెట్టాడు. మంచి నీళ్లయితే పటిక పడ్డచోట ఎరుపు తేలాలి. తేల్లేదు. మరుసటి ఏడు మళ్లీ వెళ్లి తెచ్చాడు. ఎరుపు నిండుగా తేలిన ఏడు తాగుదువుగాని అని అత్తకి మాటిచ్చాడు."

రాజకుమారి లేచి బల్ల వెంబడి నడిచింది. డెబ్బై ఎనిమిదిలో రేకుల అంచు మాత్రం గీసినట్టు ఉంది. డెబ్బై తొమ్మిదిలో ఇటుకపొడి రంగు. ఎనభైలో కొంచెం, ఎనభై ఒకటిలో ఇంకొంచెం. ఎనభై నాలుగు దగ్గర ఆమె కాళ్లు వాటంతటవే ఆగాయి. అక్కడ ఎనిమిది రేకులూ దానిమ్మగింజల్లా ఎర్రగా ఉన్నాయి.

ఆమె నాన్న అబ్రహాముది కోడూరు దగ్గర పల్లె. ఉప్పెన నాటికి ఇరవై ఏళ్లవాడు. ఏడేళ్ల పాటు ఊళ్లో ఏ బావి నీళ్లూ నోట పెట్టలేదని, కావిళ్లతో కాలవ నీళ్లు మోశామని చెప్పేవాడు. పెద్దవాళ్లు రెండేళ్లని ఏడేళ్లు చేసి చెప్పుకుంటారులే అని ఆమె అనుకునేది. ఆ ఏడేళ్లూ ఇప్పుడు బల్ల మీద పక్కపక్కనే ఉన్నాయి. నేల తనలోని ఉప్పుని వాన తరవాత వానగా కడుక్కుంటూ కోలుకోవడం రేకురేకునా కనిపిస్తోంది.

ఒక ముక్క అంచు ముట్టుకుంటే వేలికి సన్నటి పొడి తగిలింది. "వీటిని ఉతకలేదా అండీ?"

"ఉతికితే మా కాలవ నీళ్లు కూడా కలిసిపోవూ? అత్త బావి నీళ్లేం చేశాయో అదే ఉండాలని మా నాన్న పట్టుదల. గుడ్డ కూడా ఎప్పుడూ ఒకే నేత, ఒకే కొలత. అచ్చు కూడా మార్చనిచ్చేవాడు కాదు."

మిగతావేవీ మారకుండా చూసి, ఒక్కటి మాత్రమే మారనివ్వడం. ఎమ్మెస్సీ పిల్లలకి మొదటి ప్రాక్టికల్ రోజున ఆమె చెప్పే మాట అదే. కాలేజీ మొహం చూడని మనిషి, చెల్లెలికిచ్చిన మాట కోసం, ఎవరూ చెప్పకుండా దాన్ని కనిపెట్టుకున్నాడు.

"ఎనభై నాలుగులో ధనమ్మగారు తాగడం మొదలుపెట్టారు కదా. ఆ తరవాత కూడా ఎందుకు వేశారండీ?"

"బాగున్న నీళ్లని కూడా చూస్తుండాలి కదమ్మా. నాన్న తొంభై ఆరులో పోయాడు. అప్పట్నుంచీ నేను వెళ్లి తెస్తున్నాను."

ఎనభై నాలుగు నుంచి దాదాపు ముప్పై ఏళ్లు ఎరుపు ఎరుపే. తరవాత, ఎక్కడ మొదలైందో వేలు పెట్టి చూపించలేనంత మెల్లగా, పువ్వు మసకబారింది. కిందటి డిసెంబరు ముక్కని ఎనభైనాటి ముక్క పక్కన పెడితే తేడా చెప్పడం కష్టం.

"ఈమధ్య ఉప్పెనేం రాలేదు కదండీ" అంది ఆమె, తనకి జవాబు తెలిసినా.

"రాలేదమ్మా. అదైతే ఒక్కరోజులో వచ్చి పోయింది. ఇది రోజూ వస్తోంది."

ప్రతి ముక్క అంచు నుంచీ రెండేసి పోగులు, సూదితో ఆయనే తీసి ఇచ్చాడు. ల్యాబులో పిల్లలు వాటిని శుద్ధమైన నీళ్లలో నానబెట్టి, దిగిన ఉప్పుని కొలిచారు. నెల పట్టింది. సోమేశ్వరరావు పంపిన పదిహేనేళ్ల అంకెలతో వీటిని పోల్చే పని గుడివాడ నుంచి వచ్చే శ్రీనాథ్ చేశాడు. తెర మీద రెండు గీతలూ ఒకదాని వెంట ఒకటి నడిచాయి. తరవాత అతను ఒక మీట నొక్కితే సంస్థ గీత పదిహేనేళ్ల దగ్గర ఆగిపోయి, గుడ్డల గీత ఒక్కటే వెనక్కి వెళ్లి వెళ్లి, డెబ్బై ఏడు దగ్గర నిటారుగా లేచి నిలబడింది. రజని చూపు తెర మీద లేదు. ఒళ్లో పెట్టుకున్న తన చేతుల్ని చూసుకుంటోంది.

ఏప్రిల్‌లో సోమేశ్వరరావు ఒప్పందం కాగితాలతో పెడన వచ్చాడు. బల్ల ఈ చివరి నుంచి ఆ చివరికి రెండుసార్లు నడిచాడు. చివరి పన్నెండు ముక్కల దగ్గర కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు.

"ఈ అంకెలు పదిహేనేళ్లుగా నా బల్ల మీదే ఉన్నాయండీ. ఎప్పుడూ భయం వెయ్యలేదు" అన్నాడు. చేతిలో కళ్లజోడుతో ముక్కల్ని చూపిస్తూ, "వీటిని హైదరాబాదు పంపించండి. చల్లటి గదిలో, వెలుతురు తగలకుండా నూరేళ్లు కాపాడతాం. రేపే సంతకాలు చేసేద్దాం" అన్నాడు.

మార్కండేయులు తల అడ్డంగా ఊపాడు. "పోగులు ఎన్ని కావాలన్నా ఇస్తానండీ. ముక్కలు నావి కావు. మా అత్తవి. ఆవిడ చూడాలన్నప్పుడల్లా పట్టుకెళ్తాను."

సోమేశ్వరరావు రాజకుమారి వైపు చూశాడు. మీరైనా నచ్చజెప్పండి అన్నట్టు. ఆమెకి జూన్ గుర్తొచ్చింది, పదకొండుమంది మొహాలు గుర్తొచ్చాయి.

"ఆయన చెప్పింది న్యాయమేనండీ. ముక్కలు ఇక్కడే ఉంటాయి. మీ వాళ్లే ఇక్కడికి రావాలి. వెలుతురు తగలని పెట్టె ఎలా ఉండాలో మీరు చెప్పండి, ఇక్కడే చేయిద్దాం. ఇంకోటి, ఈ ఒప్పందం మనిద్దరి మధ్య సరిపోదు. మార్కండేయులు గారు మూడో భాగస్వామి. మా పిల్లలకి ఒక సెమిస్టరు ఆయన పాఠం చెప్తారు, ఒప్పుకుంటే."

"నేను పాఠమేంటమ్మా" అన్నాడు మార్కండేయులు.

"మీ నాన్నగారు మీకెలా చెప్పారో అలాగేనండీ."

సోమేశ్వరరావు కళ్లజోడు మళ్లీ పెట్టుకుని, ఆలోచించి, జేబులోంచి పెన్ను తీసి, ముక్కల తరలింపు గురించి రాసి ఉన్న పేరాని నిలువునా కొట్టేశాడు.

అసలు పేచీ యూనివర్సిటీ ఆఫీసులో వచ్చింది. భాగస్వామి సంస్థ పేరేంటి, రిజిస్ట్రేషన్ నంబరేంటి అన్నారు. సంస్థ కాదు, మనిషి అంది ఆమె. మనిషితో ఒప్పందానికి ఫారం లేదన్నారు. ఆమె రెండు వారాలు ఆ మెట్లు ఎక్కి దిగింది. చివరికి ఒకరోజు ఆ గీత ఉన్న కాగితాన్ని బల్ల మీద పరిచి, కింద మార్కండేయుల్ని అడిగి తెచ్చిన ఎనభై నాలుగు ముక్క పెట్టింది. ఆ సెక్షన్ ఆఫీసరు సుబ్బారావుది అవనిగడ్డ. ఆయన ముక్కనే చాలాసేపు చూసి, ఫారంలో "సంస్థ" అన్న మాట కొట్టేసి పైన "వ్యక్తి" అని రాశాడు. జూన్‌లో అడ్మిషన్లు జరిగాయి. ముప్పైమంది చేరారు.

డిసెంబరులో ఆ ముప్పైమందినీ, పాత పదకొండుమందినీ ఎక్కించుకుని యూనివర్సిటీ బస్సు చల్లపల్లి, అవనిగడ్డ మీదుగా నాగాయలంక దాటింది. సోమేశ్వరరావు కూడా వచ్చాడు. ధనమ్మకి ఎనభై ఆరు. అరుగు మీద కూర్చుని, ఇంతమంది ఎందుకొచ్చారో అర్థం కాక మేనల్లుడి వంక చూసింది.

"నీ బావి గురించి చదువుకుంటున్నారత్తా."

"బావి గురించి ఏం చదువుతార్రా" అని, ఆవిడ రాజకుమారి వైపు తిరిగింది. "మీదే ఊరమ్మా?"

"కోడూరు దగ్గరండీ. అబ్రహాము గారి అమ్మాయిని."

"ఉప్పెనకి మీ ఇంట్లో ఎంతమంది మిగిలారు?"

"నాన్న, నాన్నమ్మ అండీ."

ధనమ్మ పక్కకి జరిగి అరుగు మీద చోటిచ్చింది. ఆవిడ చెయ్యి ఎండుటాకులా తేలిగ్గా రాజకుమారి చేతి మీద పడి, అక్కడే ఉండిపోయింది.

మూడు ఇటుకలు పెట్టి మార్కండేయులు పొయ్యి రాజేశాడు. రజని బావిలోంచి నీళ్లు తోడింది. గిన్నెలో చిరివేరు వేసి, అచ్చేసిన గుడ్డముక్క దించి, ఆయన కర్రతో మెల్లగా కలుపుతుంటే నలభైమంది చుట్టూ నిలబడ్డారు. శ్రీనాథ్ ఫోన్ తీసినవాడు తీసినట్టే జేబులో పెట్టేసుకున్నాడు. తెల్లటి పొగలో, ఏమీ లేని చోట, ఒక రేకు కనబడింది. తరవాత ఇంకోటి.

ఆయన ముక్కని కర్రతో పైకెత్తి అత్తకి చూపించాడు.

"నిరుటికంటే తగ్గిందా?" అంది ధనమ్మ.

"తడిలో చెప్పకూడదత్తా. ఆరాక చూద్దాం."

రెండు కొబ్బరిచెట్ల మధ్య తాడు కట్టి ముక్కని ఆరేశారు. సముద్రం వైపు నుంచి గాలి తగులుతోంది. డ్రైవరు పెద్దిరాజు చీకటి పడకముందే చల్లపల్లి దాటాలని ఒకసారి హారను కొట్టి, ఎవరూ కదలకపోవడం చూసి, ఇంజను ఆపేసి తనూ వచ్చి నిలబడ్డాడు. గుడ్డ ఆరేదాకా ఎవరూ బస్సెక్కలేదు.